ట్రే నంబర్ నలభై ఒకటి

స్నేక్ నది లోయ కాలిపోయిన ఏడాది,
ఆగస్టు చివర్లో, ఎవరో రెండు బకెట్ల నీలి ఎల్డర్‌బెర్రీ తెచ్చి
మా ఆడ జైలు వెనక షెడ్డులో దించారు.
గుత్తులు, తిరగేసిన గొడుగుల్లా.
పండు మిరియపు గింజంత.
నీలం మీద విబూది చల్లినట్టు తెల్లటి పొడి.

"పచ్చివి తినకండి, కడుపులో తిప్పుతుంది,"
అంది నర్సరీ నేర్పే మిస్ హాల్వర్సన్.
థియోడోరా అప్పటికే గుప్పెడు మింగేసింది.
ఆ రాత్రి మేం నవ్వలేదంటే అబద్ధం.

పిసికాం. మోచేతుల దాకా ఊదారంగు.
నీళ్లు పోస్తే తొక్కలు తేలాయి, తాలు తేలింది,
గట్టి గింజ అడుక్కి దిగింది.
బియ్యం కడిగినట్టు ఏడుసార్లు వంపాం.
రెండు బకెట్లకి చివరికి మిగిలింది చారెడు,
ఆవగింజ కన్నా సన్నం, గరుకు, మట్టిరంగు.
ఎవరైనా తుమ్మితే ఒక లోయంతా ఎగిరిపోయేది.

అరవై రోజులు వెచ్చగా, తొంభై రోజులు చల్లగా,
తడి ఇసుకలో, సంచిలో.
రోజులు లెక్కపెట్టడం మాకెవరూ నేర్పక్కర్లేదు.

తనిఖీకొచ్చిన ఆఫీసర్ ఫ్రిజ్ తెరిచి
"ఇదేంటి?" అన్నాడు.
"నిద్ర," అన్నాను.
పుస్తకంలో రాసుకున్నాడు.

ఫిబ్రవరిలో మట్టి నింపి పైపైన చల్లాం.
లోతుగా పాతితే రాదట, దానికి కాస్త వెలుతురు కనబడాలట.
మార్చి నెలాఖరుకి నలభై ట్రేలు పచ్చబడ్డాయి.
నలభై ఒకటి మాత్రం ఉలకదు, పలకదు.
డెబ్బై రెండు గుంటలు, డెబ్బై రెండు నల్లటి నోళ్లు.

"కొన్ని ఇంకో చలికాలం అడుగుతాయి," అంది హాల్వర్సన్.
ఖాళీ ట్రేలు బోర్లించాలని ఆఫీసు రూలు.
సేజ్ మొక్కల బల్ల కిందికి తోసేశాం.
ఆరనివ్వకూడదు కదా,
రోజూ పొద్దున్నే వంగి
ఏమీ లేని మట్టికి నీళ్లు పోసేదాన్ని.
నా బతుకులో ఇంత పనికిమాలిన పని
ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చెయ్యలేదు.

ఒక ఆదివారం పాస్టరమ్మ వచ్చి మొక్కలు చూసి
కళ్లు తుడుచుకుంది.
"మీరూ ఈ విత్తనాల్లాంటి వాళ్లేనమ్మా" అంది.
థియోడోరా చేతి మట్టి దులుపుకుంటూ అంది కదా,
"విత్తనం ఎవరి చెక్కు మీదా దొంగసంతకం పెట్టలేదండీ.
దానికి చలి కావాలి, అంతే.
నాకు అక్కర్లేదు, అయినా ఇంకా పదకొండు ఉన్నాయి."
తర్వాత కాసేపు పైపు చప్పుడే.

నన్ను నవంబర్‌లో వదిలారు.
నీళ్ల డబ్బా థియోడోరా చేతిలో పెట్టాను.
వీడ్కోలు మాటలకి బదులు
"మూలల్లో త్వరగా ఆరుతుంది, చూసుకో" అన్నాను.

టైర్ల షాపులో పని దొరికింది.
ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది, పెన్సిల్ రాత:
"పంతొమ్మిది వచ్చాయి. ఒకటి నత్త తినేసింది.
మిగతా గుంటలు బోర్లించలేదు.
ఏమో, ఎవరికి తెలుసు.
నడుం నొప్పిగా ఉంది. నువ్వు బాగా వంగేదానివి."

ఆ సెప్టెంబర్‌లో హైవే పక్కన, కల్వర్టు దగ్గర
పొద ఒకటి కనబడింది.
కారు ఆపాను. నాకన్నా ముందే రాబిన్ పిట్టలొచ్చాయి.
అవి పిసకవు, కడగవు, లెక్కపెట్టవు.
మింగి, ఎగిరి,
ఎక్కడో ఒక ఫెన్సు మీద కూర్చుని పని కానిచ్చేస్తాయి.
వాటికి మిగిలినవి నేను కోసుకున్నాను.

ఇప్పుడు నా ఫ్రిజ్‌లో గుడ్లు, ఆవాల పచ్చటి సాస్,
సగం ఉల్లిపాయ,
వెనకాల ఒక సంచిలో తడి ఇసుక.
దాని మీద తేదీ రాయలేదు.
గురువారం పెరోల్ ఆఫీసర్ వస్తాడు.
ఫ్రిజ్ కూడా తెరుస్తాడు, తెరవడం వాళ్లకి అలవాటు.
"ఇదేంటి?" అంటే
ఈసారి ఏం చెప్పాలా అని
సింకు దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాను,
గోళ్ల చివర ఇంకా పోని ఊదారంగు రుద్దుకుంటూ.